సీఓపీడీ ఉన్న మనిషిని ఎవరు చూసుకోవాలి: ఊరి ఆరోగ్య కేంద్రమా, టౌను డాక్టరా, పెద్దాసుపత్రా?

అడిగినది ఇదీ: తాడిపత్రి దగ్గర పల్లె. నాయనకు 63 ఏళ్లు. ఇరవై ఏళ్ల పైన నాపరాళ్ల పాలిష్ పని, దాంతోపాటు బీడీ. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం, దగ్గు వదలని జబ్బు) అని రెండేళ్ల కింద చెప్పారు. ఈ ఏడాదిలోనే మూడు సార్లు ఆసుపత్రిలో చేర్చారు. షుగరు ఉంది, ప్రోస్టేటు ఇబ్బంది ఉంది, కంటికి చుక్కల మందు వేస్తున్నారు. తాడిపత్రిలో ఒక డాక్టరు, అనంతపురంలో ఇద్దరు, ఊళ్లో ఆర్‌ఎంపీ, ఇట్లా నలుగురి మందులూ నడుస్తున్నాయి. "పీహెచ్‌సీని నమ్ముకుంటే చాలా, బెంగళూరు తీసుకుపోవాలా?"

సూటిగా చెప్తాను. బెంగళూరు ఇప్పుడు అక్కర్లేదు. దగ్గర్లో ఉన్న ఒక ఎంబీబీఎస్ డాక్టరును "ఈయనే మా డాక్టరు" అని ఖాయం చేసుకోండి. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరైనా సరే, తాడిపత్రిలో ప్రైవేటు ఆయనైనా సరే. ఆయనకు తెలియకుండా కొత్త మందు చేరకూడదు, పాతది ఆగకూడదు. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి ఆరు నెలలకోసారి, ఆసుపత్రిలో చేరి వచ్చినప్పుడల్లా అదనంగా ఒకసారి. నెలనెలా బరువు, ఆక్సిజన్, షుగరు, పీల్చే తీరు చూసే పని మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉండే సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు)ది. వీళ్ల ముగ్గురికీ ఒకరి మాట ఒకరికి అందదు. ఆ మాట మోసేది మీ ఇంట్లో ఉండే ఒక నోటుబుక్కు, దాన్ని పట్టుకుని తిరిగే ఒక మనిషి. ఆ మనిషి మీరే అనుకుంటున్నాను.

ఇక మూడు సార్లు ఎందుకు చేరాల్సి వచ్చిందో చూద్దాం. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మందు టయానికి పడుతుంది, బీడీ ఉండదు, పొయ్యి పొగ ఉండదు. ఇంటికొచ్చాక మొదటి నెలలో ఏం జరిగేదీ ఎవరూ చూడరు. ఐదు రోజులకు రాసిచ్చిన స్టెరాయిడ్ మాత్ర "వేసుకుంటే హాయిగా ఉంది" అని నెలంతా నడుస్తుంది, లేదంటే షుగరు పెరిగిందని రెండో రోజే ఆగిపోతుంది. చీటీలో పీల్చే మందు మారి ఉంటుంది, ఇంట్లో పాతది సగం మిగిలి ఉంటుంది, పారేయడం ఎందుకని రెండూ పీలుస్తారు. తాడిపత్రి డాక్టరుకు ఆ డిశ్చార్జి చీటీ కనబడనే కనబడదు. మళ్లీ ఆయాసం వచ్చాక ఆయన తన పాత చీటీ ప్రకారమే రాస్తాడు. ఇందులో ఎవరి వైద్యమూ తప్పు కానక్కర్లేదు, అతుకు దగ్గర తెగుతోంది.

డాక్టరును ఎంచుకునేటప్పుడు పేరు, బోర్డు మీది డిగ్రీలు తర్వాత చూసుకోవచ్చు. అర్ధగంటలో చేరుకోగలమా, రేపటికీ ఎల్లుండికీ అదే మనిషి కుర్చీలో ఉంటాడా, మన నోటుబుక్కులో తన చేత్తో రెండు ముక్కలు రాస్తాడా: ఈ మూడూ చాలు. పీహెచ్‌సీ డాక్టర్లకు బదిలీలు ఉంటాయి, అది నిజమే. అందుకే సీహెచ్‌ఓనూ, ఆశా కార్యకర్తనూ కూడా ఇందులోకి లాగాలి. 104 బండి ఊరికి వచ్చే రోజు కనుక్కోండి, దాంట్లో వచ్చేది మీ పీహెచ్‌సీ డాక్టరే. సీహెచ్‌ఓ దగ్గర ఈ-సంజీవని ద్వారా పెద్ద డాక్టరుతో వీడియోలో మాట్లాడే వీలుంది. మందు మార్చాల్సి వచ్చి బస్సెక్కలేని రోజున అది పనికొస్తుంది.

ఆర్‌ఎంపీతో పోట్లాట పెట్టుకోవద్దు. రాత్రి రెండు గంటలకు తలుపు తీసేది ఆయనే. ఆయనకు పని పంచివ్వండి: నెబులైజరు పెట్టడం, ఆక్సిజన్ చూడడం, 108కి ఫోను చేయడం. చేయకూడనివి కూడా ముందే, పగటిపూట, మంచిగా చెప్పండి: వచ్చినప్పుడల్లా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దు, నిద్రకు సూది వద్దు, ఆక్సిజన్ సిలిండరు నిండుగా తిప్పొద్దు. కారణం కింద చెప్తాను.

అన్నిటికన్నా ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. సీఓపీడీ అని ఎట్లా తేల్చారు? ఎక్స్‌రే చూసి, బీడీ తాగుతాడని విని చెప్పేసి ఉంటే అది తేలినట్టు కాదు. స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్ష చేయాలి. ఒకసారి ఊదించి, గొట్టాలు విప్పే సాల్బుటమాల్ మందు 400 మైక్రోగ్రాములు పీల్పించి, 15 నిమిషాలాగి మళ్లీ ఊదిస్తారు. రెండోసారి ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చిన గాలికీ మొత్తం గాలికీ ఉన్న నిష్పత్తి 0.7 కన్నా తక్కువ ఉంటే గొట్టాలు ఇరుకైనట్టు. ఆ మొదటి సెకను గాలి వయసుకు, ఎత్తుకు ఉండాల్సిన దానిలో ఎంత శాతమో కూడా కాగితంలో ఉంటుంది. 80కి పైన, 50 నుంచి 79, 30 నుంచి 49, 30కి లోపు అని నాలుగు మెట్లు. మీ నాయన ఏ మెట్టు మీద ఉన్నాడో నోటుబుక్కు మొదటి పేజీలో తేదీతో సహా ఉండాలి. ఆయాసం ముదిరి ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయించొద్దు, నాలుగు నుంచి ఆరు వారాలు తేరుకోనివ్వండి. పరీక్ష రోజు పొద్దున ఏ మందు ఆపాలో ముందే అడగండి. సాల్బుటమాల్ నాలుగు నుంచి ఆరు గంటల ముందు నుంచి ఆపమంటారు, రోజుకొకసారి పీల్చే టియోట్రోపియం లాంటివి ఒక రోజు ముందు నుంచే. ఇది తెలియక పొద్దున్నే అన్నీ పీల్చి పోతే మళ్లీ ఇంకో రోజు రమ్మంటారు, బస్సు చార్జీలు దండగ.

మీరు రాసిన పాలిష్ పని సంగతి చిన్నది కాదు. రాయి కోసేటప్పుడు, నునుపు చేసేటప్పుడు లేచే సన్నటి దుమ్ములో ఇసుక ధాతువు ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో దిగబడి సిలికోసిస్ తెస్తుంది. బేతంచెర్ల, బనగానపల్లె, యర్రగుంట్ల, తాడిపత్రి చుట్టుపక్కల ఈ పని చేసినవాళ్లు దగ్గుతో వస్తే బీడీ మీదకే నెట్టేయకూడదు. రెండూ కలిసి ఉండొచ్చు. సిలికోసిస్‌ను వెనక్కి తిప్పే మందు లేదు. పని మానేసి ఏళ్లు గడిచినా వాళ్లకు టీబీ ముప్పు మామూలు మనిషికన్నా ఎక్కువ. కాబట్టి "ఇన్నేళ్లు, ఫలానా పని, నీళ్లు చల్లి కోసేవాళ్లు లేదా పొడిగా కోసేవాళ్లు, మూతికి గుడ్డ తప్ప ఏమీ లేదు" అని డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోండి. సిలికోసిస్ అని తేలితే డాక్టరు చట్టప్రకారం ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలి. పని వల్ల వచ్చే జబ్బులకు పరిహారం ఇచ్చే చట్టంలో అది వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. ఈఎస్ఐ కార్డు ఎప్పుడైనా ఉండి ఉంటే వెతికి తీయండి.

టీబీ గురించి రెండు ముక్కలు. దగ్గు ఎప్పుడూ ఉండేదే కదా అని ఈ ఇళ్లలో టీబీని ఆలస్యంగా పట్టుకుంటారు. దగ్గు తీరు మారి రెండు వారాలు దాటినా, సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతున్నా, బరువు తగ్గుతున్నా, తెమడలో నెత్తురు జీర కనబడినా సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్షకు కఫం ఇవ్వండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. పొద్దున లేచీ లేవగానే నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి తీసిన కఫం కావాలి, ఉమ్ము ఇస్తే పరీక్ష వృథా. టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666.

ఇప్పుడు అసలు పని. ఒక ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్న మందుల కవర్లన్నీ తెచ్చి చాప మీద కుమ్మరించండి. గూట్లోవి, పరుపు కిందివి, చొక్కా జేబులోవి, అన్నీ. నలుగురు డాక్టర్లున్న ఇంట్లో ఆ చాప మీద సాధారణంగా కనబడేది చెప్తాను, మీది పోల్చి చూసుకోండి.

ముందు ఒకే మందు రెండు పేర్లతో. ఒక డాక్టరు డాక్సోఫిలిన్ రాసి ఉంటాడు, ఇంకొకరు డెరిఫిలిన్ అని మనవాళ్లు పిలిచే ఎటోఫిలిన్-థియోఫిలిన్ మాత్ర రాసి ఉంటారు. రెండూ ఒకే జాతి. రెండూ పడితే గుండె దడ, వాంతులు, రాత్రి నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం. "ఆయాసం ఎక్కువై నిద్ర పట్టడం లేదు" అని ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు, ఆయన ఆల్‌ప్రజొలామ్ రాస్తాడు. ఊపిరి బలహీనంగా ఉన్న మనిషికి నిద్రమాత్ర ఊపిరిని ఇంకా మందగింపజేస్తుంది. పైగా థియోఫిలిన్ పడుతున్నవాళ్లకు సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటిబయాటిక్ తోడైతే థియోఫిలిన్ రక్తంలో పేరుకుపోతుంది. బీడీ మానేసినా పెరుగుతుంది, ఎందుకంటే పొగ ఆ మందును తొందరగా కరిగించేది. అందుకే బీడీ మానిన సంగతి కూడా డాక్టరుకు చెప్పాల్సిన వార్తే.

తర్వాత ఆ కంటి చుక్కలు. సీసా మీద టిమోలాల్ అని ఉందేమో చూడండి. నీటికాసులకు వేసే ఈ చుక్క కంటి నుంచి ముక్కులోకి దిగి ఒంట్లో కలుస్తుంది, ఊపిరి గొట్టాలను బిగిస్తుంది. కంటి డాక్టరుకు దమ్ము సంగతి తెలియదు, దమ్ము డాక్టరుకు చుక్కల సంగతి తెలియదు. ఎన్ని ఇన్‌హేలర్లు మార్చినా ఆయాసం తగ్గని కేసుల్లో ఈ చిన్న సీసా దొరికిన సందర్భాలు ఉన్నాయి. మీ అంతట మీరు ఆపొద్దు, చూపు పోతుంది. కంటి డాక్టరుకు చెప్తే వేరే జాతి చుక్కలు రాస్తారు. బీపీకో వణుకుకో ప్రొప్రనొలాల్ ఎవరైనా రాసి ఉంటే అదీ ఇదే కోవ. గుండెకు మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ లాంటివి అవసరమైతే వాడొచ్చు, వాటికి ఇంత భయం లేదు.

ప్రోస్టేటు ఉన్నాయనకు టియోట్రోపియం, ఇప్రాట్రోపియం పీల్పిస్తే కొందరికి ఒంటేలు బిగుస్తుంది. ఇవ్వకూడదని కాదు, ఇస్తారు. మొదటి వారం రోజులు చూసుకోవాలి, రాకపోతే ఆ రోజే చెప్పాలి. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ వేసుకుంటున్నవాళ్లకు పొడి దగ్గు రావొచ్చు. అది ఊపిరితిత్తుల దగ్గు అనుకుని సిరప్పులు తాగుతూ ఉంటారు. గ్యాసు మాత్ర మూడు కంపెనీలది మూడు స్ట్రిప్పులు ఎట్లాగూ దొరుకుతాయి, దానిగురించి పెద్దగా చెప్పేదేమీ లేదు.

స్టెరాయిడ్ మాత్రలు పక్కకు తీసి లెక్కపెట్టండి. ప్రెడ్నిసొలోన్ అని ఉంటుంది. ముదిరినప్పుడు మామూలుగా రోజుకు 40 మిల్లీగ్రాములు, పొద్దున టిఫిన్ తర్వాత, ఐదు రోజులు. ఆ ఐదు రోజులు షుగరు మధ్యాహ్నం నుంచి ఎక్కుతుంది, పొద్దున పరగడుపున చూస్తే తెలియదు. అందుకని సాయంత్రం ఒకసారి చూపించాలి. నెలల తరబడి నడిచి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు మెల్లగా దించాలి. ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లం, కండ కరిగిపోవడం దీర్ఘకాలం వాడినందుకు వచ్చే ఖర్చులు.

ఈ మూట అట్లాగే సంచిలో వేసుకుని మీరు ఖాయం చేసుకున్న డాక్టరు దగ్గరికి పోండి. చీటీలు మాత్రమే కాదు, మాత్రలే తీసుకుపోండి. "సార్, ఇందులో ఏవి ఉండాలి, ఏవి పోవాలి" అని అడగండి. పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది, ఓపీ రద్దీ తగ్గిన టయానికి పోతే మంచిది.

పీల్చే తీరు. మందు సరైనదే, గొంతు దాటి పోవడం లేదు. ఇది చాలా ఇళ్లలో జరిగేదే. పొడి మందు క్యాప్సూలు పెట్టి పీల్చే పరికరమైతే గట్టిగా, వేగంగా, ఒక్క ఈడ్పున లాగాలి. గ్యాసు ఇన్‌హేలరైతే నెమ్మదిగా, లోతుగా. రెండూ తలకిందులు, అదే చిక్కు. ఒకటి అలవాటైనాయనకు రెండోది ఇస్తే పాత పద్ధతిలోనే పీలుస్తాడు. పీల్చడం అయ్యాక క్యాప్సూలు తీసి చూడండి, లోపల పొడి మిగిలి ఉంటే ఇంకోసారి లాగించండి. రెండుసార్లు లాగినా మిగులుతోందంటే ఆయనకు ఆ బలం చాలడం లేదు, స్పేసరు (ఇన్‌హేలరుకు తగిలించే ప్లాస్టిక్ బుర్ర)తో గ్యాసు ఇన్‌హేలరుకు మార్చమని అడగాలి. క్యాప్సూలును మాత్ర అనుకుని మింగేవాళ్లు కూడా ఉన్నారు, నవ్వొద్దు. చూపించి చెప్పకపోతే ఎవరైనా అంతే చేస్తారు.

స్పేసరుతో అయితే ఇట్లా: కూర్చోవాలి. ఇన్‌హేలరును బాగా ఊపి స్పేసరుకు తగిలించాలి. గాలి నిదానంగా బయటికి వదిలి, పెదాలు బిగించి మూతి పెట్టాలి. ఒక్కసారే నొక్కాలి. నెమ్మదిగా నాలుగైదు సెకన్లు లోపలికి తీసుకుని పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. బిగబట్టలేకపోతే అందులోనే ఐదారు సార్లు మామూలుగా ఊపిరి తీసి వదిలితే సరి. అర నిమిషం, నిమిషం ఆగి, మళ్లీ ఊపి, రెండో నొక్కుడు. రెండూ ఒకేసారి నొక్కేస్తే మందు స్పేసరు గోడలకే అంటుకుంటుంది. స్టెరాయిడ్ కలిసిన మందైతే తర్వాత నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకుంటే నాలుక మీద తెల్లగా పూత కడుతుంది, గొంతు బొంగురుపోతుంది. స్పేసరును వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి తీసి నీడలో ఆరబెట్టండి. గుడ్డతో తుడవొద్దు, తుడిస్తే ప్లాస్టిక్‌కు కరెంటు పుట్టి మందును పట్టుకుంటుంది.

సాల్బుటమాల్ ఇన్‌హేలరులో మామూలుగా 200 నొక్కుళ్లు ఉంటాయి, మిగతావాటికి డబ్బా మీద చూడండి. రోజుకు నాలుగైతే 50 రోజులకు అయిపోతుంది. మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద పెన్నుతో రాయండి. ఖాళీ అయినాక కూడా కాసేపు బుస్సుమని గాలి వస్తుంది, మందు రాదు. ఆయాసానికి అప్పటికప్పుడు పీల్చే సాల్బుటమాల్ డబ్బా నెలకొకటి ఖర్చవుతుంటే జబ్బు అదుపులో లేదన్నమాట. ఇన్‌హేలరు అలవాటైపోతుందన్న మాట మన దగ్గర బలంగా ఉంది. అలవాటయ్యేది బీడీ. ఇన్‌హేలరులో పోయే మోతాదు మైక్రోగ్రాముల్లో, మాత్రలో మిల్లీగ్రాముల్లో, వెయ్యి మైక్రోగ్రాములు కలిస్తే ఒక మిల్లీగ్రాము. జన ఔషధి దుకాణంలో అడిగి చూడండి, దొరికితే ఖర్చు బాగా తగ్గుతుంది.

నోటుబుక్కు సంగతి. పెద్ద సైజు, గట్టి అట్ట. మొదటి పేజీ: పేరు, వయసు, స్పైరోమెట్రీ తేదీ, శాతం, పాలిష్ పని ఏళ్లు, షుగరు, ప్రోస్టేటు, పడని మందులు. ఒంట్లో బాగున్న రోజు ఆక్సిజన్ ఎంత, బరువు ఎంత అన్నది ఈ పేజీలో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఆయాసం వచ్చిన రోజు 90 చూపిస్తే, మామూలుగా 96 ఉండే మనిషికి అది కిందకి పడిపోవడం, మామూలుగా 91 ఉండే మనిషికి అది ఆయన రోజువారీ అంకె. ఆక్సీమీటరు పెట్టేముందు చేతులు రుద్ది వెచ్చబెట్టాలి, గోళ్లరంగు ఉన్న వేలు, గోరింటాకు నల్లగా పండిన వేలు వదిలేయాలి, అంకె నిలబడేదాకా నిమిషం ఆగాలి.

రెండో పేజీ మందుల పట్టిక. మందు అసలు పేరు, దేనికోసం, ఎన్ని, ఎప్పుడు, ఎవరు రాశారు, ఏ రోజు దాకా. మందు ఆగినప్పుడు గీత కొట్టి తేదీ వేయండి, చించేయొద్దు. మూడో పేజీ ముదిరినప్పటి ప్రణాళిక, డాక్టరు సంతకంతో. ఆ తర్వాత నెలకొక పేజీ: బరువు, ఆక్సిజన్, బీపీ, షుగరు, ఎంత దూరం నడిస్తే ఆగుతున్నాడు. "బాగున్నాడు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "రచ్చకట్ట దాకా ఆగకుండా పోయాడు", "స్నానం చేసి చొక్కా తొడుక్కునేసరికి గస వచ్చింది" అని రాయండి. డాక్టరు చదివేది ఆ వాక్యమే. ఆభా నెంబరు (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) తీసుకుంటే రిపోర్టులు దాంట్లోనూ ఉంటాయి, అది మంచిదే. కానీ రాత్రిపూట 108లో చేతికి అందేది నోటుబుక్కు.

ముదిరినప్పుడు ఏం చేయాలి అన్నది బాగున్న రోజునే డాక్టరుతో కూర్చుని రాయించాలి. గుర్తులు మూడు: ఆయాసం ఎక్కువ కావడం, తెమడ ఎక్కువ కావడం, తెమడ రంగు పసుపుపచ్చగానో పచ్చగానో మారడం. రంగు మారి, దాంతో ఇంకొకటి కూడా ఉంటే యాంటిబయాటిక్ అవసరం పడుతుంది, మామూలుగా ఐదు రోజులు. ఉత్త ఆయాసానికి, తెల్ల తెమడకు యాంటిబయాటిక్ పనిచేయదు. ప్రణాళికలో ఉండాల్సినవి: సాల్బుటమాల్ స్పేసరుతో ఎన్ని నొక్కుళ్లు, ఎన్ని గంటలకోసారి. రెండు నుంచి నాలుగు, నాలుగు గంటలకోసారి అని చాలామంది రాస్తారు. స్టెరాయిడ్ మాత్రలు ఇంట్లో ఉంచుకోవాలా, ఎప్పుడు మొదలుపెట్టాలి, మొదలుపెట్టిన రోజే ఎవరికి ఫోను చేయాలి. ఒకటి రెండు రోజుల్లో తేలికపడకపోతే ఎక్కడికి పోవాలి.

ఆగకుండా 108కి ఫోను చేయాల్సినవి: ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదాలు గోళ్లు నీలం తిరగడం, మత్తుగా పడుకోవడం, పొంతన లేని మాటలు, ఆక్సిజన్ 88 కన్నా కిందికి దిగడం, ఛాతీలో నొప్పి. వీటిలో మత్తును ఇంట్లోవాళ్లు పొరబడతారు. రాత్రంతా రొప్పినాయన తెల్లారుజామున కదలకుండా పడుకుంటే "అమ్మయ్య, నిద్ర పట్టింది" అనుకుంటారు. తట్టి లేపి చూడండి. సరిగా పలకకపోతే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుందని అర్థం, అది ప్రాణం మీదికి వస్తుంది.

ఆర్‌ఎంపీకి సిలిండరు నిండుగా తిప్పొద్దని చెప్పమన్నది ఇందుకే. ముదిరిన సీఓపీడీలో ఆక్సిజన్ ఎక్కువిస్తే కొందరికి ఆ వాయువు ఇంకా పేరుకుంటుంది. గురి 88 నుంచి 92. నోటుబుక్కు అట్ట మీదే ఎర్ర పెన్నుతో "సీఓపీడీ, ఆక్సిజన్ 88–92 మధ్య ఉంచండి" అని రాసిపెట్టండి, 108 సిబ్బంది మొదట చూసేది అదే కావాలి. అలాగే మీకు దగ్గర్లో రాత్రిపూట బైపాప్ పెట్టే ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కోండి. మూతికి మాస్కు బిగించి గాలి నెట్టే ఈ మిషను టయానికి పడితే చాలామందికి గొంతులో గొట్టం వేయాల్సిన పని తప్పుతుంది. అది లేని చోటికి ముందు పోయి, అక్కడ రెండు గంటలు కూర్చుని, మళ్లీ అనంతపురం బయల్దేరడం అనేది మనుషులు పోయే దారి.

ఆసుపత్రిలో చేర్చేటప్పుడే ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు చూపించి వైద్య మిత్రను అడగండి. బిల్లు కట్టి బయటికొచ్చాక అడిగితే ఉపయోగం ఉండదు.

డిశ్చార్జి రోజు తొందరపడి ఆటో ఎక్కొద్దు. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. నర్సునో హౌస్ సర్జన్నో పట్టుకుని ఐదు ప్రశ్నలు అడిగి తెలుగులో రాసుకోండి. కొత్తగా చేరినవి ఏవి? పాతవాటిలో ఆగినవి ఏవి? స్టెరాయిడ్, యాంటిబయాటిక్ ఏ తేదీతో ఆఖరు? ఇంట్లో ఆక్సిజన్ కావాలా? మళ్లీ ఎప్పుడు, ఎవరి దగ్గరికి? ఆయన చేత ఒకసారి అక్కడే పీల్పించి చూపించండి. ఇంటికొచ్చిన వారంలోపు మీ డాక్టరు దగ్గరికి, నెలలోపు ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి, మూడు నెలలకు మళ్లీ ఒకసారి. ఆ మొదటి వారం సందర్శన మామూలుగా అందరూ ఎగ్గొట్టేది, ఎందుకంటే మనిషి బాగానే కనబడతాడు. ఆశా కార్యకర్తకు ఇంటికొచ్చిన రోజే చెప్పండి, మూడో రోజు ఒకసారి తొంగిచూసి పోతుంది.

ఇంట్లో ఆక్సిజన్ మిషను గురించి. ఆయాసం ఉన్న ప్రతివాళ్లకూ అది మందు కాదు. బాగున్న రోజుల్లో, కూర్చుని ఉండగా ఆక్సిజన్ 88 లేదా అంతకన్నా తక్కువ ఉంటే, ధమని నుంచి తీసిన రక్త పరీక్షలో ఆక్సిజన్ పీడనం 55 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ ఉంటే అప్పుడు పనికొస్తుంది. పనికొచ్చేవాళ్లు రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకోవాలి, గస వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టుకుంటే ఆయుష్షు పెరగదు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు కావాలన్నా, రెండు మూడు నెలలకు మళ్లీ కొలిపించండి, చాలామందికి అవసరం తీరిపోతుంది. కాబట్టి కొనేముందు అద్దెకు తీసుకోండి. వడపోత స్పాంజి వారానికోసారి కడగాలి, మన ఊళ్ల దుమ్ముకు ఇంకా ముందే. కరెంటు పోతే ఆధారంగా బి-టైపు సిలిండరు ఒకటి ఉంచుకుంటే అందులో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి రెండు లీటర్లు పెడితే పన్నెండు గంటల లెక్క. ఆ గదిలో బీడీ, పొయ్యి, దీపం ఏదీ వెలగకూడదు.

బీడీ మానకుండా పైవన్నీ చేసినా కుండకు చిల్లి ఉన్నట్టే. క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోను చేయొచ్చు, వాళ్లే తిరిగి చేస్తూ కనుక్కుంటారు. నికోటిన్ చూయింగమ్ డాక్టరును అడిగి వాడొచ్చు, దాన్ని మామూలు గమ్ములా నమలకూడదు. ఘాటు తగిలేదాకా నాలుగు సార్లు కొరికి దవడకు ఆనించి ఉంచాలి. బీడీ బదులు ఖైనీ పెట్టుకోవడం మానినట్టు కాదు. ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే నీళ్లు కాచుకునేది కూడా గ్యాసు మీదికి మార్చండి. దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి, తీసుకోకుండా వదిలేసినవాళ్లు ఉన్నారు. శెనక్కాయ నూర్పిళ్లప్పుడు, ఆషాఢం గాలికి, భోగి మంట దగ్గర ఆయన్ను కూర్చోబెట్టొద్దు.

నడక ఆపకూడదు. గస వస్తుందని మంచానికి అతుక్కుంటే కాళ్ల కండ కరిగి, అదే పనికి ఇంకా ఎక్కువ గాలి కావాల్సి వస్తుంది. అనంతపురంలో ఫిజియోథెరపీ దొరికితే వారానికి రెండు సార్లు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. దొరకకపోతే ఇంట్లోనే: రోజూ నడక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం ఐదుసార్లు, కాసేపాగి ఇంకో ఐదు. ముక్కుతో పీల్చి, వేడి టీ ఊదినట్టు పెదాలు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. గస పట్టుకుంటే అరుగు మీద కూర్చుని మోకాళ్ల మీద మోచేతులు ఆనించి ముందుకు వంగితే తేలికవుతుంది. సంగటి ముద్ద కడుపు నిండా ఒకేసారి తింటే పొట్ట పైకి నెట్టి ఊపిరి ఆడదు, సగం ముద్ద చొప్పున ఎక్కువసార్లు పెట్టండి. గుడ్డు, పప్పు, ఉలవలు తగ్గించొద్దు. కాళ్ల వాపు వచ్చినా, వారంలో రెండు కిలోలు పెరిగినా అది బలం కాదు, గుండెకు భారం పడుతోందేమో చూపించాలి. ఫ్లూ టీకా ఏడాదికోసారి, న్యుమోనియా టీకా మీ డాక్టరు చెప్పిన వరుసలో.

చివరికి మీ బెంగళూరు ప్రశ్న. పైవన్నీ సరిగా నడుస్తూ ఉండగా కూడా ముదురుతూనే ఉంటే, స్పైరోమెట్రీకీ ఆయాసానికీ పొంతన లేకపోతే, సీటీ స్కాన్‌లో పెద్ద గాలి బుడగలు కనబడితే, సిలికోసిస్ ఔనో కాదో ఇక్కడ తేలకపోతే, అప్పుడు పోండి. మీ డాక్టరు రాసిచ్చిన చీటీతో పోండి. నోటుబుక్కు, స్పైరోమెట్రీ కాగితాలు, పాత ఎక్స్‌రేలు సంచిలో పెట్టుకోండి, ఎక్స్‌రేలు పాతవయ్యేకొద్దీ విలువ ఎక్కువ. తిరిగొచ్చిన రెండు రోజుల్లో వాళ్లు మార్చినవి మీ డాక్టరుకు చూపించి, రెండో పేజీలో పాతవాటికి గీత కొట్టి, కొత్తవి తేదీ వేసి ఎక్కించండి.